పాపను కార్పొరేటర్‌గా నిలబెట్టమంటున్నారు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. టిఫిన్ అంగడి నడుపుతాను. పాపకు 23 ఏళ్లు. ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ పొలిటికల్ సైన్స్ పూర్తిచేసి గ్రూప్-2కు చదువుకుంటోంది. మా డివిజన్ మహిళలకు వస్తుందని, పాపను నిలబెట్టమని ఒక పార్టీవాళ్లు రెండుసార్లు ఇంటికొచ్చారు. "ఖర్చు మేం చూసుకుంటాం, మీరు ఊఁ అనండి చాలు" అంటున్నారు. పాపకూ కొంచెం ఆశ ఉంది. ఒప్పుకుంటే ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందేనా? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, ఆ రెండుసార్లూ వాళ్లు మాట్లాడింది ఎవరితో? మీతోనా, పాపతోనా? మీ ఉత్తరం చూస్తే మీతోనే అనిపిస్తోంది. నాకు అన్నిటికంటే అనుమానం వచ్చింది అక్కడే. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. అందుకని ఎన్నికలు రాగానే పార్టీలు ఆడవాళ్ల పేర్ల కోసం వెతుకుతాయి. మనిషి కోసం కాదు, పేరు కోసం. గెలిచాక కౌన్సిల్ హాల్లో ఆమె కూర్చుంటుంది, ఫోన్లు మాత్రం ఇంకెవరో ఎత్తుతారు. అలాంటి కుర్చీ అయితే మీ పాప చదివిన ఎంఏకు అక్కడ పనే లేదు.

అర్హతల సంగతి తేలిక. 21 ఏళ్లు నిండాలి, కార్పొరేషన్ ఓటరు జాబితాలో పేరుండాలి. ఇంటి పన్ను, కుళాయి బకాయిలుంటే ముందే కట్టేసి రసీదులు దాచుకోండి. డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో ఎత్తేశారు, మీకు దాంతో పనిలేదనుకోండి.

ఇక పార్టీ. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, కార్పొరేషన్‌లో అలా కాదు. బి-ఫారం ఎవరి పేరున రిటర్నింగ్ అధికారికి చేరితే వాళ్లే పార్టీ అభ్యర్థి. నామినేషన్ వేసి, ఇంటింటికీ తిరిగి, కరపత్రాలు కూడా అచ్చేయించుకున్నాక ఆఖరి గంటలో బి-ఫారం ఇంకొకరికి పోయిందని ఏడ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కాబట్టి "సీటు మీదే" అన్న మాటను నమ్మి పాప గ్రూప్-2 కోచింగ్ మానుకోకూడదు. రిజర్వేషన్ జాబితా అధికారికంగా వచ్చేదాకా మీ డివిజన్ మహిళలకు వస్తుందన్నది కూడా వట్టి మాటే.

ఖర్చు వాళ్లే చూసుకుంటామన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగండి. డబ్బు ఎవరిదైనా లెక్క అభ్యర్థి పేరు మీదే ఉంటుంది. ఫలితాలు వచ్చాక 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్కలు అప్పజెప్పాలి. ఓడిపోయినా అప్పజెప్పాలి. ఇవ్వకపోతే కొన్నేళ్లు మళ్లీ పోటీ చేయకుండా అనర్హత పడుతుంది. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలతో అఫిడవిట్ మీద సంతకం పెట్టేదీ పాపే. ఎవరో ఖర్చు పెట్టిన డబ్బుకు పాప సంతకం పెడుతోందంటే, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలియాలి కదా? ఇంకోటి, ఖర్చు పెట్టినవాళ్లు ఊరికే పెట్టరు. గెలిచాక ఏ కాంట్రాక్టుకు చెయ్యెత్తమంటారో ఇప్పుడే అడగలేం గానీ, ఊహించవచ్చు.

గెలిస్తే పని ఎలా ఉంటుంది? జీతం ఉండదు, గౌరవ వేతనం ఉంటుంది, దాంతో ఇల్లు గడవదు. పనులు నడిపేది కమిషనర్, కార్పొరేటర్ అడగాలి, వెంటపడాలి. ఎమ్మెల్యే కూడా ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే తన పదవి రీత్యా, కౌన్సిల్‌లో కూర్చుంటారు. మేయర్‌ను కౌన్సిల్ సభ్యులే ఎన్నుకుంటారు. అప్పుడు పార్టీ విప్, అంటే ఫలానావాళ్లకే ఓటేయాలన్న ఆదేశం, ఇస్తే దానికి ఎదురు ఓటేసినవాళ్ల పదవి పోతుంది. బయట మాత్రం కాలువ పొంగినా, వీధిదీపం వెలగకపోయినా, గంగమ్మ జాతర రోజుల్లో కుళాయి రాకపోయినా మీ అంగడి ముందే నిలబడతారు. తిరుపతి 2007లోనే కార్పొరేషన్ అయినా మొదటి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. ఆ నవంబరులోనే కుండపోత వానలకు ఊళ్లో చాలా వీధులు నీటమునిగాయి. కొత్త కార్పొరేటర్లకు అంతకంటే పెద్ద పరీక్ష ఉంటుందా? మోకాటి లోతు నీళ్లలో దిగగలనా అని పాప తనను తాను ప్రశ్నించుకోవాలి.

మీ అసలు భయానికి వస్తాను. పోటీ చేసినంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హత రాదు. ఉద్యోగంలో ఉండగా పోటీ చేయకూడదు, అంతే. గెలిచాక గ్రూప్-2 వచ్చిందనుకోండి, పదవికి రాజీనామా చేసి చేరాలి. అసలు చిక్కు కేసులతో వస్తుంది. ప్రచారంలో గొడవై ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే, ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు విచారణలో అది బయటికొస్తుంది. అందుకే ర్యాలీల్లో పాప ఎవరి పక్కన నిలబడుతోందో చూసుకోండి.

రెండూ ఒకేసారి నడవవని మాత్రం చెప్పగలను. కార్పొరేటర్‌గా ఉంటూ గ్రూప్-2కు రోజుకు పది గంటలు చదవడం జరిగే పని కాదు. రాజకీయమే ఇష్టమైతే లాసెట్ రాసి మూడేళ్ల లా చేయమనండి. లాయరైతే చేతిలో సొంత సంపాదన ఉంటుంది, పార్టీ వదిలేసినా బతుకు ఆగదు. రిజర్వేషన్ మారిపోతుంటుంది, వచ్చేసారి ఆ డివిజన్ ఆమెకు దక్కకపోవచ్చు కూడా.

ఆ పార్టీవాళ్లు మూడోసారి వస్తారు, తప్పక వస్తారు. ఈసారి పాపను ఎదురుగా కూర్చోబెట్టండి. బి-ఫారం ఎప్పుడిస్తారు, ఖర్చు లెక్కలు ఎవరు రాస్తారు, కౌన్సిల్‌లో నేను మాట్లాడేది ఎవరు నిర్ణయిస్తారు అని ఆమెనే అడగనివ్వండి. మీరు లోపల దోసెలు వేస్తూ వినండి.