కంటి మూల పసుపు మచ్చకి 18 వేల ప్యాకేజీ: ముందు ఏ ఖర్చు పెట్టాలి?

ప్రశ్న (మెయిల్‌ని కుదించి): నాకు 38 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 34 వేలు. ఎడమ కంటి లోపలి మూల దగ్గర, పై రెప్ప మీద పసుపు రంగులో చిన్న మచ్చ లేచింది, ఏడాదిగా కొంచెం పెరిగింది. ఒక స్కిన్ క్లినిక్‌లో లేజర్‌తో తీసేస్తాం, 3 సిట్టింగులకి 18 వేలు, దసరా ఆఫర్ ఈ వారమే, నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది అన్నారు. మాఘమాసంలో చెల్లెలి పెళ్లి ఉంది. మావారి కంపెనీ ఇన్సూరెన్స్‌లో వస్తుందా? లేకపోతే ఈఎంఐ మంచిదా, లక్ష రూపాయల చీటీ పాడేసుకోవడం మంచిదా? మాకంటూ సొంతంగా ఒక హెల్త్ పాలసీ కూడా తీసుకుందామని అనుకుంటున్నాం.

జవాబు: మీ మెయిల్ రెండుసార్లు చదివాను. డబ్బు సంగతి చెప్పేముందు ఒక మాట. పసుపు రంగు, కంటి లోపలి మూల, పై రెప్ప, మెల్లగా పెరగడం. మీరు చెప్పిన ఈ లక్షణాలు వింటే చర్మ డాక్టర్లు ముందుగా అనుమానించేది జాంథెలాస్మాని. అంటే చర్మం కింద కొలెస్ట్రాల్ పేరుకుని ఏర్పడే మచ్చ. అది అవునో కాదో డాక్టరే చూసి చెప్పాలి, నేను ఫైనాన్షియల్ ప్లానర్‌ని మాత్రమే. కానీ అదే అయితే మీ మొదటి ఖర్చు లేజర్ కాదు, లిపిడ్ ప్రొఫైల్ రక్తపరీక్ష. ఈ మచ్చలు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి రక్తంలో కొవ్వు లెక్క తేడాగా ఉంటుంది. కోపెన్‌హాగన్‌లో 12 వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2011లో ఒక అధ్యయనం వేశారు. అందులో, కొలెస్ట్రాల్ లాంటి మిగతా కారణాలన్నీ పక్కన పెట్టి లెక్క చూసినా, ఈ మచ్చలున్నవాళ్లకి గుండెపోటు ముప్పు కొంత ఎక్కువే అని తేలింది.

మా పెద్దమ్మకి రెండు రెప్పల మీదా ఇవే ఉండేవి. వయసు మచ్చలులే అనుకున్నాం ఇంట్లో అందరం. ఆవిడకి మొదటిసారి కొలెస్ట్రాల్ పరీక్ష జరిగింది గుండె నొప్పితో ఆసుపత్రిలో చేరిన రోజున. అందుకే ఈ విషయంలో కొంచెం గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మీ క్లినిక్ వాళ్లు 18 వేల కొటేషన్ ఇచ్చారు కానీ రక్తపరీక్ష ఊసే ఎత్తలేదని మీ మెయిల్‌ని బట్టి అర్థమవుతోంది. ఆ ఒక్క కారణం చాలు నాకు, ఈ వారం అక్కడ డబ్బు కట్టొద్దనడానికి.

ఇక ఇన్సూరెన్స్. రాదనే అనుకోండి. అందం కోసం చేయించుకునే చికిత్సలు మన పాలసీలన్నింటిలోనూ మినహాయింపుల్లోనే ఉంటాయి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన వరుసలో అది 08వ కోడ్. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీకి, లేదా ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉందని డాక్టరు రాసిచ్చినప్పుడు మాత్రమే ఇస్తారు. కంపెనీ గ్రూప్ పాలసీ కాబట్టి మీవారిని ఒకసారి హెచ్‌ఆర్‌లో అడగమనండి, అడిగితే పోయేదేం లేదు, కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. మచ్చ రక్తం కారినా, పుండులా మారినా, అక్కడ రెప్పవెంట్రుకలు రాలినా, గబగబా పెరిగినా సంగతి వేరు. రెప్ప మీద క్యాన్సర్లు కూడా అలాగే మొదలవుతాయి, అప్పుడు డాక్టర్లు ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. అది అందం కోసం చేసే పని కాదు, వైద్యం. డాక్టరు రాసిచ్చిన ఆ కాగితం, రిపోర్టు జాగ్రత్తగా దాచుకోవాలి.

ఈఎంఐ గురించి. మీరు పంపిన కొటేషన్ ఫోటోలో కింద చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంది, చూసుకున్నారా? వైద్యానికి జీఎస్టీ లేదు కానీ, అందం కోసం చేసే సర్జరీకి ఉంటుంది. అంటే ఆ 18 వేల మీద ఇంకా పడుతుంది, పన్నుతో కలిపి మొత్తం ఎంతో ముందే అడగండి. ఈఎంఐలో వడ్డీ లేదంటారు గానీ ఉంటుంది. క్లినిక్ ఆ వడ్డీ మేరకు మీకు తగ్గింపు ఇచ్చి బ్యాంకు చేతికి అందిస్తుంది, పైగా క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీకి జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఆ తగ్గింపేదో నాకే ఇవ్వండి, మొత్తం ఒకేసారి కడతాను అని అడిగి చూడండి.

చీటీ మాత్రం వద్దు. పోయిన నెల పాట 84 వేలకి పోయిందని మీరే రాశారు. అంటే 16 వేలు వదులుకుని 18 వేల పని చేయించుకోవడం. డివిడెండ్ రూపంలో మీ వంతు కొంత తిరిగొస్తుంది, నిజమే, అయినా అది పిల్లల ఫీజుల కోసం కట్టుకుంటున్న చీటీ కదా.

నా లెక్క ఇదీ. దసరా నుంచి మాఘం దాకా సుమారు నాలుగు నెలలుంది. ఈ మచ్చ రేపటికి పోవాల్సిన జబ్బు కాదు, కానీ గాయం మాని ఎర్రదనం తగ్గడానికి వారాలు పడుతుంది కాబట్టి పెళ్లికి రెండు నెలల ముందే పని అయిపోవాలి. ఈ నెల డాక్టరు ఫీజు, లిపిడ్ ప్రొఫైల్. ఈ నెలా వచ్చే నెలా చెరో 6 వేలు పక్కన పెట్టండి. చాలకపోతే మిగతాది మీ ఆర్డీలోంచి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లోంచి, తీసుకోండి, ముందే మూసేస్తే వడ్డీ కొంచెమే తగ్గుతుంది. అత్యవసర నిధి జోలికి వెళ్లొద్దు. ముఖం మీద మచ్చకి డబ్బు పెట్టడం దుబారా ఏమో అని మీరు రెండు చోట్ల రాశారు. కాదండీ. రోజూ క్లాసులో పిల్లల ముందు నిలబడే మనిషి మీరు, అది ఇబ్బందిగా అనిపిస్తే తీయించుకోండి.

ఎక్కడ, ఎలా అన్నదే ఖర్చుని తేలుస్తుంది. కోసి సన్న కుట్లు వేయడం, రేడియో ఫ్రీక్వెన్సీతో కాల్చడం, సీఓ2 లేజర్, టీసీఏ అనే యాసిడ్ పూత, చలితో గడ్డకట్టించడం, ఇవన్నీ ఉన్నాయి. చిన్న మచ్చకి ఖరీదైన మిషనే కావాలని లేదు. ఏ పద్ధతిలో తీసినా మళ్లీ రావడం మామూలే, కాబట్టి మళ్లీ వస్తే ఎంత తీసుకుంటారో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మన చామనచాయ చర్మం మీద నల్ల మరకో తెల్ల మరకో మిగిలే అవకాశం ఉంది, చర్మం ఎక్కువగా తీసేస్తే రెప్ప లాక్కుపోతుంది కూడా. అందుకని చర్మ వైద్యంలో ఎండీ చేసినవాళ్లో, కంటి రెప్పల సర్జరీ చేసే ఓక్యులోప్లాస్టీ డాక్టరో స్వయంగా చేయాలి, లేజర్ అయితే కంటికి లోపల కవచం పెట్టాలి. మీ దగ్గర్లో తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడ ఒక అభిప్రాయం, ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలో ఒక అభిప్రాయం తీసుకోండి. రెండూ కలిపినా ప్యాకేజీలో ఒక సిట్టింగ్ ఖర్చు కాదు. ఎవరైనా సున్నం, బట్టల సోడా కలిపి పెట్టమన్నా, ఆన్‌లైన్‌లో మచ్చలు పోగొట్టే క్రీమ్ కొనమన్నా కంటి దగ్గరికి రానీయకండి. అక్కడ ఆదా చేసిన వంద రూపాయలు చూపు మీదికి తెస్తాయి.

సొంత పాలసీ గురించి మీరు అడగని ప్రశ్న ఒకటి నాకు కనిపించింది. ముందు పాలసీ తీసుకుని తర్వాత పరీక్ష చేయించుకుంటే రిపోర్టు చూపించక్కర్లేదు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు, ఏజెంట్లు కూడా ఇస్తారు. వినొద్దు. మచ్చ ఏడాదిగా ఉంది, డాక్టరు కాగితంలో ఆ మాట ఎక్కుతుంది, రేపు గుండెకి సంబంధించిన క్లెయిమ్ పెట్టినప్పుడు ముందు వెతికేది అదే. ముందే చెబితే ప్రీమియం కొంత పెరగొచ్చు, లేదా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టొచ్చు, 2024 నిబంధనల ప్రకారం అది 36 నెలలు దాటకూడదు. దాచిపెట్టి పది లక్షల బిల్లు దగ్గర తిరస్కరణ తెచ్చుకోవడం కన్నా అది ఎంతో నయం. పాత పద్ధతిలో టాక్స్ కడుతుంటే ఈ రక్తపరీక్ష ఖర్చు ముందస్తు ఆరోగ్య పరీక్షలకి ఇచ్చే టాక్స్ మినహాయింపు 5 వేల పరిమితిలో చూపించుకోవచ్చు, రసీదు ఉంచుకోండి.

శనివారం స్కూలు సగం పూటే అన్నారు కదా, ల్యాబు వాళ్లు పరగడుపున రమ్మంటే ఆ రోజు పొద్దున్నే ఇచ్చేసి వెళ్లండి. రిపోర్టు డాక్టరుకి చూపించాక పాలసీ ఫారం నింపేముందు నాకు ఇంకో మెయిల్ పెట్టండి, ఆరోగ్య వివరాల గడులు ఎలా నింపాలో కలిసి చూద్దాం.