ఇంగ్లీషులో ఒకే అర్థానికి ఇన్ని మాటలెందుకు?

పోటీ పరీక్షల కోసం ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతుంటే ఒకే అర్థానికి మూడేసి మాటలు తగులుతున్నాయని, అవి ఎలా వచ్చి చేరాయని అడిగారు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పదాల జాబితా ఇచ్చే ముందు వాటి చరిత్ర చెబితే, పిల్లలకు అవి ఎక్కువ కాలం గుర్తుంటున్నాయి.

ఇంగ్లీషు మాటలు పొరలు పొరలుగా చేరాయి. అన్నిటికన్నా కింది పొర 5వ శతాబ్దంలో జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి బ్రిటన్‌కు వచ్చిన ఆంగ్లులు, శాక్సన్లది. వాటర్, హౌస్, మదర్, ఈట్, స్లీప్ లాంటి ఇంటి మాటలు అక్కడివే. తర్వాత డెన్మార్క్, నార్వేల నుంచి వైకింగులనే సముద్ర యోధులు వచ్చి ఇంగ్లండులో ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డారు. స్కై, నైఫ్, ఎగ్ వాళ్లవి. 'దే', 'దెమ్' కూడా వాళ్లవే. సర్వనామాలు అరువు తెచ్చుకోవడం చాలా అరుదు, ఇరుగుపొరుగుగా కలిసిపోతే తప్ప జరగదు.

ఎగ్ అనే మాట ఇంగ్లండు దక్షిణ భాగానికి వెంటనే పాకలేదు. ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక ముందుమాటలో ఈ సంగతి రాశాడు. ఓడలో వెళ్తున్న ఒక వ్యాపారి దక్షిణాన ఉన్న కెంట్ తీరంలో ఆగి ఒక ఇల్లాలిని 'ఎగ్స్' అడిగితే, నాకు ఫ్రెంచి రాదందట ఆవిడ. తనకూ రాదని అతనికి కోపం వచ్చింది. పక్కనున్నాయన గుడ్లకు అక్కడ వాడే పాత మాట 'ఐరెన్' అన్నాక గానీ గుడ్లని ఆవిడకు అర్థం కాలేదు. అచ్చుయంత్రం వచ్చాక కూడా ఏ మాట ఖాయం చేయాలో తెలియని పరిస్థితి అది!

అన్నిటికన్నా పెద్ద మలుపు 1066. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాక దర్బారు, న్యాయస్థానం ఫ్రెంచి మయమయ్యాయి. జడ్జ్, జ్యూరీ, ప్రిజన్, గవర్నమెంట్ అలా వచ్చినవే. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చేసిన చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు. ఆ తర్వాత 16వ శతాబ్దపు పండితులు లాటిన్, గ్రీకు మాటలు గుట్టలుగా తెచ్చారు. అప్పు అనే అర్థమున్న 'డెట్' (debt) స్పెల్లింగులో పలకని 'బి' ఎందుకని పిల్లలు ఏటా అడుగుతారు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్ మూలం 'డెబిటమ్' కదా అని పండితులు ఇరికించారు.

ఇప్పుడు మీ మూడు మాటల సంగతి చూడండి. ఆస్క్ పాత ఇంగ్లీషు, క్వశ్చన్ ఫ్రెంచి, ఇంటరాగేట్ లాటిన్. మనం తాగేవి నీళ్లు, అభిషేకానికి జలం అన్నట్టే, వాడే చోటు మారుతుంది. ఇది చెప్పాక మా క్లాసులో ఒకమ్మాయి "అమ్మ ఆస్క్ చేస్తుంది, పోలీసు ఇంటరాగేట్ చేస్తాడు" అంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

వ్యాపారం, వలసపాలనతో మన దేశపు మాటలూ వెళ్లాయి. షాంపూ హిందీది, కాటమరాన్ తమిళానిది, బాండికూట్ అచ్చంగా మన పందికొక్కే.

కొత్త మాట రాసుకునేటప్పుడు పక్కన అది ఏ భాష నుంచి వచ్చిందో రాయండి. మంచి డిక్షనరీలో ఉంటుంది. కింగ్లీ, రాయల్, రీగల్‌తో మొదలుపెట్టండి.