అడ్వాన్సు తీసుకునే ముందు

అమ్మలూ,

అమలాపురంలో ఫర్నిచర్ షాపు పెడుతున్నావని, జనం కొనబోయే మంచాన్నీ సోఫానీ వాళ్ల గదిలోనే ఉన్నట్టు ఫోన్‌లో చూపిస్తావని మీ నాన్న చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నాలాగా చెక్క పనిలోకి దిగింది నువ్వొక్కదానివే. సంతోషం ఎంత ఉందో టెన్షనూ అంతే ఉంది.

ఫోన్‌లో అలా చూపించే ఆ ఏఆర్ ఏమిటో పక్కింటి కుర్రాడి చేత మన చావిట్లో పెట్టించి చూశాను. సోఫా నిజంగా వేసినట్టే ఉంది. కెమెరాకి కనబడే అంచుల్నీ మచ్చల్నీ ఆనవాలు పట్టుకుని, ఫోన్ కదలికని కలిపి దూరం లెక్కేస్తుందట. అందుకే కాబోలు, నున్నటి టైల్స్ మీద తడబడింది, గళ్ల చాప పరిస్తే కుదురుకుంది. కరెంటు పోగానే సోఫా ఎటో జారిపోయింది. పగటి వెలుతురులోనే వెళ్లు. 2020 నుంచి కొన్ని ఖరీదైన ఐఫోన్లలో లైడార్ వస్తోంది, అది తనే కాంతి పంపి దూరం చూస్తుంది కాబట్టి చీకట్లోనూ దూరం కొలుస్తుంది. దాని కోసం అప్పు మాత్రం చెయ్యకు.

నా భయం వేరే ఉంది. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకూలాయి కదా. గోదావరి మధ్య లంకలో ఓ ముసలావిడ, పడిపోయిన చెట్లు అమ్మిన డబ్బుతో కూతురికి చెక్క బీరువా చేయించింది. నేను గోడ పైన ఒక్కచోటే టేపు పెట్టి వచ్చేశాను. నీళ్లలో నానిన గోడకి కింద పొట్ట వచ్చిందని చూసుకోలేదు. బీరువాని పంటు మీద దాటించి, నలుగురం మోసుకెళ్లి పెట్టబోతే మూడు వేళ్లు ఎక్కువైంది. ఆవిడ కళ్ల ముందే ఓ పక్క చెక్క ఊడదీసి, కోసి, మళ్లీ బిగించాను. కోసిన ముక్కని ఆవిడ కొంగుతో తుడిచి దూలం మీద పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చింది. తీసుకున్నాను. బీరువా కోసినదానికన్నా నన్ను ఇప్పటికీ తినేస్తున్నది అదే.

నీ ఫోన్ గదిలో బీరువాని నిలబెడుతుంది, గుమ్మంలోంచి దూర్చదు. గోడని పైన, మధ్యన, కింద టేపుతో కొలువు. గుమ్మం, మెట్ల మలుపు, సందు కూడా కొలువు. ఆ తరవాతే అడ్వాన్సు. ఫోన్‌లో బాగుందని మురిసి డబ్బు చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. నా మాట కాదని ముందే తీసుకున్నావో, షాపుకొచ్చి మరీ తిడతాను.

ఇంకోటి, పెరట్లో కాలవ ఉన్న ఇళ్లల్లో ఫోన్ చూసుకుంటూ వెనక్కి నడవకు తల్లీ. నీకు ఈత రాదు.

ఆదివారం మీ నాన్నతో నా మూలమట్టం పంపిస్తున్నాను. పిడి నీ చేతికి లావుగా ఉంటే చెప్పు, చిత్రిక పట్టి సన్నం చేసిస్తాను.

మీ పెదనాన్న