పండగ తేదీని ఊరి నుంచి అరువు తెచ్చుకోకండి

షికాగోకి కొత్తగా వచ్చాం, పండగలు ఊరి క్యాలెండరు తేదీకే చేసుకోవచ్చా అని అడుగుతూ, "అమ్మావాళ్ళు చేసే రోజునే మేమూ చేస్తే కలిసి చేసుకున్నట్టు ఉంటుంది కదా" అని రాశారు. మీ ప్రశ్నలో అసలు సంగతి అదే, తిథి గొడవ దాని వెనక వచ్చింది. కొత్తగా వచ్చిన ఏ ఇంట్లోనైనా మొదలు ఇలాగే ఉంటుంది. మా ఇంట్లోనూ ఇంతే. ఊరి నుంచి తెచ్చిన క్యాలెండరు గోడకి తగిలించుకుని, అందులో ఏ తేదీ ఉంటే ఆ రోజు పులిహోర కలపడం. షికాగోలో ఆ తేదీ చాలాసార్లు తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో ఒకసారి పట్టుబడితే ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. మేం అలా నేర్చుకున్నవాళ్ళమే.

చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్క తీరున ఉండదు కనుక ఒక తిథి 20 గంటల్లో అయిపోతే ఇంకొకటి 26 గంటలు సాగుతుంది. తిథి మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం భూమ్మీద అందరికీ ఒకటే. మారేవి గడియారమూ, సూర్యోదయమూ.

2025 ఉగాది చూడండి. పాడ్యమి ఇండియాలో మార్చి 29 సాయంత్రం 4.27కి వచ్చి 30 మధ్యాహ్నం 12.49కి పోయింది. సూర్యోదయానికి పాడ్యమి ఉన్నది 30న కాబట్టి అక్కడ ఆదివారం ఉగాది. షికాగో గడియారానికి అదే పాడ్యమి 29 తెల్లవారుజామున 5.57కి వచ్చి, 30 అర్ధరాత్రి దాటాక 2.19కి వెళ్ళిపోయింది. అంటే ఇక్కడ ఉగాది శనివారం. ఆదివారం పొద్దున తలంటుకుని పచ్చడి చేసుకున్నవాళ్ళు విదియనాడు చేసుకున్నారన్నమాట.

తూర్పుకి వెళ్తే ఇది తిరగబడుతుంది. 2024 దీపావళి అమావాస్య ఇండియాలో అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52 నుంచి నవంబరు 1 సాయంత్రం 6.16 వరకు ఉంది. రెండు సాయంత్రాలనీ తాకింది కాబట్టే ఏ రోజు చెయ్యాలని అక్కడ అంత చర్చ. న్యూయార్క్‌లో అది 31 ఉదయం 6.22 నుంచి 1వ తేదీ ఉదయం 8.46 వరకే. ప్రదోషంలో, అంటే పొద్దు గుంకిన వెంటనే వచ్చే వేళలో, అమావాస్య ఉన్నది 31నే, చర్చే లేదు. సిడ్నీలో 31 రాత్రి 9.22కి గానీ మొదలవలేదు. వాళ్ళకి నిండు ప్రదోషం దొరికింది నవంబరు 1న.

లెక్క కట్టే పద్ధతి ఇది. పంచాంగంలో తిథి ముగిసే వేళ తీసుకుని షికాగోకి ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు తీసెయ్యండి. ఇక్కడి గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం వెనక్కీ జరుగుతుంది. దీపావళి, నాగుల చవితి సరిగ్గా ఆ సందులో పడుతుంటాయి, గంట తేడా అక్కడే వస్తుంది. ఇంకో ఉచ్చు కూడా ఉంది. సోమవారం వరసలో "తె. 4.20" అని ఉంటే అది ఇంగ్లీషు తేదీకి మంగళవారం తెల్లవారుజాము. మన రోజు సూర్యోదయంతో మొదలవుతుంది గానీ అర్ధరాత్రితో కాదు. దీన్ని సోమవారంగా చదివితే ఒక రోజు మొత్తం తేడా వస్తుంది.

ఆ తరవాత చూడాల్సింది, ఆ పండక్కి ఏ వేళకి తిథి ఉండాలన్నది. ఉగాదికి సూర్యోదయం. వినాయక చవితికీ శ్రీరామనవమికీ మధ్యాహ్నం, అంటే పగటిని ఐదు భాగాలు చేస్తే మూడోది. దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి, సంకటహర చవితికి చంద్రోదయం. అన్నిటికీ సూర్యోదయమే చూడటం కొత్తవాళ్ళ పొరపాటు. రాహుకాలం కూడా ఇంతే. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది" అన్నది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకే చోట చెల్లుతుంది. జూన్‌లో షికాగో పగలు పదిహేను గంటలు దాటుతుంది, అందులో ఎనిమిదో భాగమైన రాహుకాలం దాదాపు గంటా యాభై నాలుగు నిమిషాలు.

ఏకాదశిని మరింత జాగ్రత్తగా చూడాలి, అది ఉపవాసం కాబట్టి. పారణ, అంటే ఉపవాసం విడిచి తినడం, ద్వాదశిలోనే చెయ్యాలి. ద్వాదశి మొదటి పావు భాగం హరివాసరం, అది దాటాక చెయ్యాలి. ఇండియాలో ద్వాదశి మధ్యాహ్నం రెండింటిదాకా ఉందనుకోండి, చలికాలం షికాగోలో అది రాత్రి రెండున్నరకే అయిపోతుంది. ఊరి తేదీ పట్టుకుని పడుకుని లేచేసరికి త్రయోదశి. పారణ తప్పడమే కాదు, ముందు రోజు పస్తున్నది కూడా ఏకాదశి నాడు కాదని తేలుతుంది. పొద్దు పొడిచే ముందు తొంభై ఆరు నిమిషాల్లో దశమి మిగిలి ఉంటే వైష్ణవులు మర్నాడు ఉపవాసం ఉంటారు. మీ ఇంటి సంప్రదాయం ఏదో ఫోన్ చేసి ముందే కనుక్కోండి. అమ్మని అడగాల్సింది అది, తేదీ కాదు.

గుడి నోటీసు చూసి నెల లెక్కపెట్టకండి. ఇక్కడి గుళ్ళలో ఉత్తరాది పద్ధతీ నడుస్తుంది. వాళ్ళ నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. వాళ్ళ కార్తీకం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. మనది దీపావళి మర్నాటి నుంచి. అధికమాసం వచ్చినప్పుడు మరీ చూసుకోవాలి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, వరలక్ష్మీ వ్రతం రెండోదైన నిజ శ్రావణంలో ఆగస్టు 25న. 2026లో జ్యేష్ఠం అధికం.

కార్తీక సోమవారాలు మాత్రం ఇక్కడ సులువు. నక్షత్ర దర్శనం దాకా ఉపవాసం కదా, నవంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మబ్బు పడితే సూర్యాస్తమయం నుంచి ముప్పావు గంట ఆగండి, అప్పటికి చుక్కలు వచ్చేసే ఉంటాయి. ఇవి చెక్క ఇళ్ళు. కుందిని నీళ్ళు పోసిన వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పెట్టి, స్మోక్ అలారానికి దూరంగా వెలిగించండి. కర్పూరం ఒక్క చిన్న బిళ్ళ చాలు. అద్దె ఒప్పందంలో దీపాల గురించి ఏముందో, ఆకులూ మొక్కలూ తేవడంపై కస్టమ్స్ ఏమంటుందో మీరే చదువుకోండి.

ఇదంతా మీరు నెలలో నేర్చేసుకుంటారు. నా బెంగ వేరే. తేదీ సరిచేసుకున్నాక ఆ రోజు పనిదినం అవుతుంది, అక్కడ అమ్మకి పండగ కాదు, ఇక్కడ తెలుగు సంఘం వాళ్ళు రెండు వారాల తరవాత శనివారం పెట్టుకుంటారు. అసలు రోజున ఇంట్లో మీరిద్దరే. ఇక్కడే చాలామంది జారిపోతారు. మొదటి ఏడు శనివారానికి వాయిదా, రెండో ఏడు హాల్లో భోజనంతో సరి, మూడో ఏడు దీపం కూడా ఉండదు. కాబట్టి అసలు రోజుని చిన్నది చెయ్యండి గానీ ఖాళీగా వదలొద్దు. స్నానం, దీపం, ఒక్క నైవేద్యం, నలభై నిమిషాల పని. ఇంకొక్క తెలుగు ఇంటిని, ఒక్కటంటే ఒక్కటి, రాత్రి భోజనానికి పిలవండి. ఐదు రకాలు వండొద్దు, వండితే వచ్చే ఏడు పిలవబుద్ధి కాదు. సంఘం శనివారానికి కూడా వెళ్ళండి, అది మనుషుల కోసం.

ఫోన్ వేళ కూడా ముందే అనుకోండి. 2025 లాంటి ఉగాదికి మీరు శనివారం ఉదయం ఏడున్నరకి పచ్చడి తింటుంటే అక్కడ సాయంత్రం ఆరు, అమ్మ మర్నాటికి మామిడాకులు సర్దుకుంటూ ఉంటుంది. అప్పుడు మాట్లాడితే పాళ్ళు చెప్తుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదికి మళ్ళీ ఫోన్ కలపండి, అక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర, పూజకి కూర్చునే వేళ.