వ్యాసాలు దిద్దబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

కాలేజీ సాహిత్య వ్యాసాల పోటీకి ఈసారి జడ్జీల్లో ఒకరిగా నిన్ను కూర్చోబెడుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిరుడు అదే పోటీలో వ్యాసం రాసిన పిల్లవి, ఈసారి దిద్దేవాళ్ల వైపు ఉంటావన్నమాట. ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి భయం కూడా పట్టుకుంది. నీ చదువు మీద నాకు అనుమానమేమీ లేదు. నీకు తొందరెక్కువ, నచ్చకపోతే ముఖం మీదే అనేస్తావు. మనుషులతో అయితే మర్నాడు వెళ్లి సర్దిచెప్పుకోవచ్చు. ఎర్ర సిరాతో కాగితం మీద రాసేశాక ఆ వీలుండదు. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. పేర్లు కనపడకుండా నంబర్లు వేయించు. కట్టంతా ఒక్క రాత్రిలో దిద్దెయ్యాలని చూడకు. మొదటి నాలుగైదు పేపర్లకి పెన్సిల్‌తో మార్కులు వేసి, అన్నీ అయ్యాక మళ్లీ వాటి దగ్గరికి రా. సగం కట్ట తిరగేస్తే గానీ ఎవరికైనా కొలత కుదరదు. ఫోన్‌లోంచి దించిన వ్యాసమని అనుమానమొస్తే, రాసినవాళ్లని పిలిచి అయిదు నిమిషాలు మాట్లాడు. ఆ తర్వాతే ఏదైనా రాయి.

తోటి జడ్జీల మార్కులకీ నీ మార్కులకీ పొంతన లేకపోతే టెన్షన్ పడకు. 1961లో అమెరికాలో పాల్ డీడరిక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కాలేజీ పిల్లలు రాసిన 300 వ్యాసాలని 53 మంది చేత చదివించారు. వాళ్లలో ఇంగ్లీషు టీచర్లు, సైంటిస్టులు, లాయర్లు, సంపాదకులు, వ్యాపారస్తులు ఉన్నారు. బాగున్నవీ బాగాలేనివీ తొమ్మిది కుప్పలుగా విడదీయమన్నారు. నూటికి 94 వ్యాసాలు కనీసం ఏడు వేర్వేరు కుప్పల్లో పడ్డాయి! వాళ్లెవరూ అశ్రద్ధగా చదవలేదు. ఒకరు ఆలోచన చూశారు, ఒకరు అక్షరదోషాలు చూశారు, ఒకరు అమరిక, ఇంకొకరు మాటల ఎంపిక. ఎవరి కన్ను ఎటు లాగుతుందో ఎవరికి వాళ్లు తెలుసుకుని ఉంటే సగం తగువులు తీరిపోతాయి.

నీ కన్ను ఎటు లాగుతుందో నాకు బాగా తెలుసు. నీకు శైలి పిచ్చి. పదో తరగతిలో "వేయేళ్ల తెలుగు సాహితీ నందనవనంలో" అని మొదలుపెట్టి, పేజీన్నర దాకా కవి పుట్టుక, బిరుదులు, సన్మానాలు రాసి, పద్యం దగ్గరికి వచ్చేసరికి "ఈ పద్యం అత్యద్భుతం" అని ముగించావు. ఎందుకు అద్భుతమే అని అడిగితే బుంగమూతి పెట్టావు. ఆ రాత్రే నా పక్కన కూర్చుని ఆ పద్యాన్ని పాదం పాదం విప్పి చెప్పింది కూడా నువ్వే. ఆ చెప్పిందే రాసి ఉంటే ఎంత బాగుండేదీ!

ఈ శైలి మోజు ఎంత పని చేస్తుందో ఒక పోటీలో దగ్గర్నుంచి చూశాను. ముగ్గురు జడ్జీల్లో నేనే చిన్నదాన్ని. అంశం 'కన్యాశుల్కం - సంఘసంస్కరణ'. వచ్చిన వాటిలో ఒక వ్యాసం చేతిరాత ముత్యాల కోవ. సంస్కరణోద్యమం, కందుకూరి, గురజాడ, వ్యావహారిక భాష అన్నీ వరసగా, కొటేషన్లతో సహా ఉన్నాయి. నాటకం చదవకపోయినా ఆ వ్యాసం రాయొచ్చు. దాని కింద ఇంకో వ్యాసం. కొట్టివేతలు, ఒత్తుల తప్పులు, మార్జిన్ కూడా లేదు. ఒక బీకామ్ కుర్రాడు రాశాడని తర్వాత తెలిసింది.

ఆ అబ్బాయి ఏం రాశాడో ఇప్పటికీ మర్చిపోలేదు. నాటకం ఆడపిల్లల్ని అమ్ముకోవడం గురించే అయినా, తెర లేవగానే మనకి వినపడేది పెళ్లి మాట కాదు, డబ్బు లెక్క అన్నాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి ఖర్చుపెట్టేశానని గిరీశం తనలో తాను చెప్పుకోవడంతోనే కదా మొదలు! అక్కణ్ణుంచి ఆ అబ్బాయి ఒక్కొక్కరి డబ్బు మాటలే ఏరుకుంటూ పోయాడు. కూతురికి వెల కట్టే అగ్నిహోత్రావధాన్లు, పైసా పైసా చూసుకునే లుబ్ధావధాన్లు. చివరికి మధురవాణి దగ్గర ఆగాడు. డబ్బు పుచ్చుకోవడమే వృత్తి అని లోకం అనే ఆ మనిషి, సౌజన్యారావు పంతుల్ని అడిగింది మాత్రం డబ్బు కాదని రాశాడు. అంతే, రెండున్నర పేజీలు. సంస్కరణ అనే మాట ఒక్కసారే వచ్చింది. కానీ పిల్లల్ని అమ్ముకునే సంఘం లోపల ఎలా ఉంటుందో ఆ వ్యాసంలోనే కనపడింది.

పెద్ద జడ్జిగారు మొదటి పేజీలోనే ఒక చోట సున్నా చుట్టారు. నాటకం 1909లో వచ్చిందని కుర్రాడు రాశాడు, మొదటి కూర్పు 1897ది. నిజానికి మనమందరం చదివేది గురజాడ దాదాపు తిరగరాసి 1909లో అచ్చువేయించిన రెండో కూర్పే. అతని చేతిలో ఉన్న పుస్తకం అదే. అర మార్కు తప్పది. ఆయన అక్కడితో చదవడం ఆపేసి, చివర్లో "విషయపరిజ్ఞానం శూన్యం" అని రాసి పక్కన పడేశారు. నేను వాదించాను. రెండో జడ్జిగారు పెద్దాయన వైపే మొగ్గారు. బహుమతి ముత్యాల కోవకే వెళ్లింది.

కొన్నాళ్ల తర్వాత ఆ అబ్బాయి లైబ్రరీ మెట్ల మీద కనిపిస్తే ఆపి, మధురవాణి పేరా గురించి చెప్పాను. మర్యాదగా విన్నాడు. "నాకు సాహిత్యం రాదని తేల్చేశారు కదా మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఏ పోటీలోనూ అతని పేపరు రాలేదు. నా భయమంతా ఇదే అమ్మలూ. బహుమతి రాకపోతే పిల్లలు రెండు రోజుల్లో మర్చిపోతారు. "శూన్యం" అనే మాట అంత సులువుగా పోదు.

అందుకని నువ్వు పేపరు చేతిలోకి తీసుకోగానే, ఈ పిల్ల పుస్తకం తెరిచిందా అని చూడు. ఏ మాట దగ్గర ఆగింది, ఆగి ఏం గమనించింది, దాన్నుంచి తన అభిప్రాయానికి ఎలా చేరింది. ఆ దారి కనపడితే, చేరిన చోటు నీకు నచ్చకపోయినా మార్కు వెయ్యాల్సిందే. నీ అభిమాన కవిని ఎవరో తప్పుపడతారు, ఒళ్లు మండుతుంది. లేచి నాలుగడుగులు నడిచి వచ్చి మళ్లీ చదువు. ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఇంగ్లీషు విమర్శకుడు కేంబ్రిడ్జిలో కవి పేరు చెప్పకుండా పద్యాలిచ్చి విద్యార్థుల చేత అభిప్రాయాలు రాయించుకుని, 1929లో పుస్తకంగా వేశాడు. పేరు తీసేసేసరికి పేరున్న కవుల పద్యాల్ని తీసిపారేసినవాళ్లున్నారు, సాదా పద్యాల్ని మెచ్చుకున్నవాళ్లున్నారు. కాబట్టి మహాకవి రాశాడు గనక గొప్పది అనే వ్యాసానికీ, మహాకవైతే ఏంటి అనే వ్యాసానికీ ఒకటే ప్రశ్న వెయ్యి: పద్యంలో ఎక్కడుందో చూపించావా?

నువ్వు వ్యాసం రాసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న నీకు వేసుకో. ముప్ఫై మంది వ్యాసాలు దిద్దాక నీ రాత మారుతుంది చూడు. నందనవనాలు వాటంతటవే ఎండిపోతాయి.

కాలేజీ పోటీయే కదా అనుకోకు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం రాసింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటూ, అక్కడి పోటీ కోసం. తర్వాత 1914లో ఆయనే 'కవిత్వతత్త్వ విచారం' వేసి తెలుగు విమర్శని కొత్త దారి పట్టించాడు. నీ దగ్గరకొచ్చే కట్టలో ఎవరున్నారో నీకు తెలీదు, నాకూ తెలీదు.

ఇంకొక్కటి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. ప్రతి పేపరు కిందా రెండు వాక్యాలు రాయి. మొదటిది, ఆ వ్యాసంలో నీకు నచ్చిన చోటు, పేజీ నంబరుతో సహా. ఊరికే "బాగుంది" అని రాయకు, చదవకుండా రాశావనుకుంటారు. రెండోది, ఇంకోసారి రాస్తే ఏం చెయ్యొచ్చో. ఎర్ర పెన్ను వద్దు, నీలం చాలు. టైము లేదు, మార్కులు వేసి ఇచ్చెయ్యండి అని నిర్వాహకులు తొందర పెడతారు. పేపర్లు పంచకముందే వాళ్లతో మాట్లాడి రెండు రోజులు ఎక్కువ అడుగు. ఇవ్వకపోతే, కనీసం నీ వాటాకి వచ్చినవాటికైనా రాస్తానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ