పూతరేకులు తీయడం వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

వీడియో చూస్తే వరస తెలుస్తుంది, చెయ్యి మాత్రం తిరగదు. రేకులు తీసే ఆవిడ దగ్గర కూర్చుని చూడాల్సిందే. అదీ ఎదురుగా కాదు. ఎదురుగా కూర్చుంటే ఆవిడ కుడి మీకు ఎడమవుతుంది, ఆ తికమకలోనే పొద్దు గడిచిపోతుంది. పక్కన, కాస్త వెనగ్గా, ఆవిడ చూసే వైపే చూస్తూ కూర్చోండి.

కొత్తవాళ్లంతా కుండ మీంచి లేచే రేకునే చూస్తారు. చూడాల్సింది అంతకు ముందు జరిగేది. గుడ్డ ముంచే ప్రతిసారీ ఆవిడ చెయ్యి పిండిని అడుగు నుంచి కలుపుతుంది. జయ రకం బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా చేసిన పిండి అది. నిమిషం వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. కలపకుండా ముంచితే పైనున్న నీళ్లే గుడ్డకి అంటి, రేకు తీస్తుండగానే చిరుగుతుంది.

గుడ్డని రెండు కొసలు పట్టి ముంచి, కారేది కారనిచ్చి, బోర్లించిన కుండ మీద ఒక్క ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకి లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ మందంగా చార పడుతుంది. చాలలేదని రెండోసారి లాగితే, తడి గుడ్డకి అంటుకుని మొదటి పూత కూడా వచ్చేస్తుంది.

అసలు కిటుకు మంట. ఆవిడ రేకు తీస్తూనే కుండ కిందకి ఎండు కొబ్బరాకు తోస్తుంది. నేర్చుకునేవాళ్లు గుడ్డ ధ్యాసలో మంట మరిచిపోతారు, రేకు కుండకి అతుక్కుంటుంది. కంగారుపడి ఆకులన్నీ ఒకేసారి తోస్తే కుండ మరీ కాగి, పిండి బుడగలొచ్చి రేకు జల్లెడవుతుంది. వేడి సరిపోయిందంటే గుడ్డ తగలగానే ‘చుయ్’మని పొట్టిగా వినిపిస్తుంది, రేకు అంచు దానంతటదే లేస్తుంది. వీడియోలవాళ్లు సరిగ్గా ఆ చప్పుడు మీదే పాట పెడతారు, మంట వేసే చోట కోసేస్తారు. ఇక ఎవరికి వస్తుంది?

2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని మాత్రం అక్కడి ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు పట్టుకున్నదే. అందుకే ముందు మంట వేసే పని అడిగి తీసుకోండి. చూపు కుండ మీద ఉన్నా చెయ్యి ఆకు వేయడం అలవాటయ్యాక పిండి కలపండి. చల్లని కుండ మీద పొడి గుడ్డతో, ఆవిడ లాగినప్పుడల్లా మీరూ లాగండి. ఆ తరవాతే తడి గుడ్డ. ఇంట్లో గ్యాస్ మీద పెనం బోర్లించి చేసేవాళ్లకి గుడ్డ లాగడం వస్తుంది గానీ ఆకుమంట రాదు.

మడత పెద్ద కష్టం కాదు. పొడి రేకు విరుగుతుంది కాబట్టి, తడి గుడ్డ అద్ది మెత్తబడ్డాక నెయ్యి, పంచదార పొడి చల్లి మడవండి.