చెన్నైలో పాత బుల్లెట్ రోజూ నడపొచ్చా? ముందు మెకానిక్‌ను వెతుక్కోండి

మీరు అడిగినవి రెండు సంగతులు. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లలో బైక్ పిచ్చి ఉన్నవాళ్లు ఏ బండి నడుపుతున్నారనేది ఒకటి. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర పాత బుల్లెట్ ఉంది, తెచ్చుకుని రోజూ ఆఫీసుకు వాడొచ్చా అనేది రెండోది.

నా దగ్గర 1993 మోడల్ బుల్లెట్ 350 ఒకటి, స్ప్లెండర్ ప్లస్ ఒకటి ఉన్నాయి. బుల్లెట్ మా బాబాయిది. నెల్లూరులో ఏళ్ల తరబడి నడిపి, మోకాళ్ల నొప్పులొచ్చి కిక్ కొట్టలేక నాకు ఇచ్చేశారు. పెరంబూర్ నుంచి గిండీకి ఆఫీసుకు వెళ్లేది మాత్రం స్ప్లెండర్ మీదే. ఫొటోలు పెట్టేటప్పుడు బుల్లెట్‌వే పెడతాననుకోండి, అది వేరే విషయం. కాబట్టి రోజూ వాడొచ్చా అంటే వద్దనే చెబుతాను. కొనొద్దని మాత్రం అనను. ముందు మెకానిక్‌ను వెతుక్కోండి, బండి సంగతి తర్వాత.

ప్లగ్‌లో స్పార్క్ సరైన సమయానికి వచ్చేలా తెరుచుకుని మూసుకునే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ పెట్టడం, వాల్వులను కదిపే ట్యాపెట్ల చప్పుడు చెవితో విని సరిచేయడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఇప్పటి కుర్ర మెకానిక్‌లలో కాంటాక్ట్ పాయింట్లు చూడనివాళ్లే ఎక్కువ. పాపం వాళ్లు పని నేర్చుకునేసరికి అవి బండ్లలోనే లేవు. చెన్నైలో మనకున్న అదృష్టం ఏమిటంటే ఈ బండి పెరిగింది ఇక్కడే. మన సైన్యం 350 సీసీ బుల్లెట్లకు ఆర్డర్ ఇచ్చాక, 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్‌లో రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండ్ నుంచి వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. తర్వాత బండి మొత్తం తిరువొత్తియూరులోనే తయారైంది. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్ కంపెనీ మూతపడింది కానీ, ఇక్కడ మాత్రం అదే ఇంజన్ చిన్నచిన్న మార్పులతో దశాబ్దాల పాటు నడిచింది. అందుకే పాత బండ్ల భాగాలు చాలావరకు ఒకదానివి ఇంకొకదానికి సరిపోతాయి. ఉత్తర చెన్నైలో ఆ ఇంజన్ ఆనుపానులు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

మా మెకానిక్ వ్యాసర్పాడిలో ఉంటాడు. తమిళంలో తిడతాడు, నేను తెలుగు కలిసిన తమిళంలో బతిమాలుకుంటాను. సైలెన్సర్ మార్చి డబడబలాడించే బండిని షెడ్డులోకి కూడా రానివ్వడు. ఆ విషయంలో నాదీ ఆయన మాటే. ఆసుపత్రి ముందు నుంచి ఆ చప్పుడుతో పోయేవాణ్ని బైక్ ప్రేమికుడు అనలేం.

స్పేర్లకు ఎగ్మోర్ పక్కనే పుదుపేట ఉంది. పాత పార్టు విప్పి చేతిలో పట్టుకుని వెళ్లండి. నోటితో చెబితే ఏదో ఒకటి అంటగడతారు. సీటు కవర్లు, అద్దాలు, క్రాష్ గార్డుల్లాంటివి మౌంట్ రోడ్డు దగ్గర జీపీ రోడ్డులో చూసుకోవచ్చు. ఇంజన్ కేసులాంటి నంబరు కొట్టి ఉండే భాగాలు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో, బిల్లు లేకుండా ఎక్కడా కొనకండి.

ఇక నడపడం. స్ప్లెండర్‌కు గేరు ఎడమ కాలితో, నాలుగూ ముందుకే నొక్కాలి. నా బుల్లెట్‌కు గేరు కుడి కాలి దగ్గర ఉంటుంది, ఫస్ట్ పైకి, మిగతా మూడూ కిందికి. వెనక బ్రేకు ఎడమ కాలికి. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కిన మొదటి పది నిమిషాలు కాళ్లు పాత లెక్కలోనే ఉంటాయి. బ్రేకు అనుకుని గేరు తొక్కుతాం. మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో అది సరదా విషయం కాదు. రోజూ వద్దనడానికి నా మొదటి కారణం ఇదే. మైలేజీ, బరువు ఆ తర్వాతే.

కిక్ కొట్టడానికి బలం కావాలని అందరూ అనుకుంటారు. బలం కంటే వరస ముఖ్యం. తాళం తిప్పి, కరెంటు ఎటు పోతుందో చూపే ఆమ్‌మీటర్ ముల్లు చూస్తూ కిక్కర్‌ను నెమ్మదిగా నొక్కాలి. పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు లాగుతుంది కాబట్టి ముల్లు మైనస్ వైపు వాలుతుంది. పిస్టన్ పైకి వచ్చి పాయింట్లు తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. అక్కడ సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని ఇంకొంచెం కిందికి నొక్కి, లివర్ వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఆపకుండా చివరిదాకా ఒక్క తొక్కు. యాక్సిలరేటర్ జోలికి పోవద్దు. ఈ వరస తప్పి సగం సగం కొడితే కిక్కర్ ఎదురు తన్నుతుంది. దాని దెబ్బ తిన్న మడమలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. బాబాయి నాకు తాళం ఇవ్వడానికి ముందు ఆదివారం పొద్దున్నంతా ఇంటి ముందు ఇదే నేర్పించారు.

చాలామంది గమనించని విషయం ఆయిల్. ఈ పాత ఇంజన్లలో ఆయిల్ ట్యాంకు ఇంజన్ కేసులోనే ఒక గదిలా ఉంటుంది. బండి కొన్ని వారాలు కదలకపోతే ఆయిల్ మెల్లగా క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) వైపు దిగిపోతుంది. అప్పుడు ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గినట్టే కనిపిస్తుంది. కంగారుపడి ఇంకో అర లీటరు పోస్తే, స్టార్ట్ చేయగానే వీధంతా పొగ, ఇంజన్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ ధార. ముందు స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు తిరగనివ్వండి, పంపు ఆయిల్‌ను వెనక్కి తెస్తుంది. ఆపి, అప్పుడు లెవెల్ చూడండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు పైపులకు, కార్బొరేటర్ సీళ్లకు అది పడదు. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. పైపులు కొత్తవి వేయించండి. నెలల తరబడి బండిని పక్కన పెట్టేటట్టయితే కార్బొరేటర్‌లోని పెట్రోల్ తీసేయించండి.

చెన్నై కాబట్టి వానల సంగతి చెప్పక తప్పదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో బండ్లన్నీ నీళ్లలోనే నిలబడ్డాయి. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయని అనుమానం ఉంటే బుల్లెట్ అయినా, స్ప్లెండర్ అయినా కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్‌లో నీళ్లుంటే వాటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్ విప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి, ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ శుభ్రం చేయించాలి, ఆయిల్ మార్చాలి. తీసిన ఆయిల్ పాల టీ రంగులో ఉంటే ఒక్కసారి మార్చితే చాలదు, కొంచెంసేపు నడిపాక మళ్లీ మార్చాలి.

ఇన్ని చెప్పి ఎందుకు ఉంచుకున్నావంటారా? ఆదివారాల కోసం. ఊత్తుకోట దాటి నాగలాపురం మీదుగా పుత్తూరు వెళ్లే దారి ఈ బండికి సరిగ్గా సరిపోతుంది. తమిళనాడు దాటగానే సురుటుపల్లిలో శయనించిన శివుడి గుడి ఉంది. అక్కడ ఆగితే ఇంజనూ చల్లబడుతుంది, మనకూ దర్శనం అవుతుంది. గంటకు 60 దగ్గర పెట్టి వదిలేస్తే అలసట తెలియదు. అదే నెల్లూరు హైవే మీద లారీల మధ్య దీన్ని నడపడం నాకు ఇష్టం ఉండదు. అందరూ వందలో పోతుంటే పాత డ్రమ్ బ్రేకులను నమ్ముకుని మధ్యలో ఉండటం టెన్షన్.

కాగితాల గురించి రెండు మాటలు. మీది ఆంధ్రా నంబరు అయి, ఏడాదికి మించి ఇక్కడే ఉంచేటట్టయితే అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న ఎన్‌వోసీ కాగితం తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, తమిళనాడులో పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంది. ఆర్‌సీ గడువు ఎప్పుడో దాటిపోయిన బండి చవకగా వస్తోందంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుందనే లెక్క.

మీకు కావాల్సింది ఆ రూపం, ఆ కూర్చునే తీరు మాత్రమే అయితే 2021 తర్వాతి క్లాసిక్ 350 చూడండి. 349 సీసీ, సెల్ఫ్ స్టార్ట్, గేరు ఎడమ వైపే, గట్టిగా బ్రేకు వేసినా చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. రోజూ ఆఫీసుకు నిశ్చింతగా వాడొచ్చు. మా స్నేహితుడి ఇంటర్‌సెప్టర్ 650 కూడా నడిపాను. 47 హార్స్‌పవర్, సముద్రం పక్కన పోయే ఈసీఆర్ రోడ్డు మీద పొద్దున్నే బ్రహ్మాండం. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర మాత్రం తొడలు కాలిపోతాయి.

పాతదే అని తేల్చుకుంటే, చూడటానికి వెళ్లేటప్పుడు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయో లేదో ముందే చూడండి. తర్వాత ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. టీ తాగి, చల్లారాక మీరే కిక్ కొట్టి చూడండి.